షీల్డింగ్ గదిలో సెల్‌ఫోన్ మోగింది – నా అనుభవం

నిన్న సాయంత్రం మా షీల్డింగ్ గది రిపోర్ట్ చేతికొచ్చింది. 1 గిగాహెర్ట్జ్ దగ్గర గది బయటి సిగ్నల్‌ను 104 డెసిబెల్స్ తగ్గిస్తోంది. నెలన్నరగా పడ్డ టెన్షన్ మర్చిపోకముందే రాసేస్తున్నా.

రేణిగుంట దగ్గర మాది చిన్న టెస్టింగ్ ల్యాబ్. రౌటర్లు, వైర్‌లెస్ పరికరాలు పరీక్షించాలంటే బయటి సిగ్నల్ లోపలికి రాని గది, అంటే షీల్డింగ్ గది కావాలి. గాల్వనైజ్డ్ స్టీల్ ప్యానెళ్లు బోల్టులతో బిగించడం, కరెంటు లైనుకు ఫిల్టర్లు, ఏసీ గాలికి తేనెపట్టు జాలీ, ఒకే చోట ఎర్తింగ్. ఇవన్నీ పది రోజుల్లో అయిపోయాయి.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. గది చూడడానికి వచ్చిన కస్టమర్‌ను మా ఎండీ గారు లోపలికి తీసుకెళ్లి తలుపు బిగించారు. రెండు నిమిషాలకు లోపలే ఫోన్ మోగింది. అందరూ నా వైపు చూశారు. తల ఎత్తలేకపోయాను. గది బాధ్యత నాది.

మర్నాడు ఇలాంటి గదులను కొలిచే ఐట్రిపుల్‌ఈ 299 ప్రమాణం పద్ధతిలో కొలిస్తే 62 డెసిబెల్స్. మాకు కావాల్సింది 100. అంటే బయటి పవర్‌లో వెయ్యి కోట్లలో ఒక వంతే లోపలికి రావాలి. 62 అంటే దాదాపు పదహారు లక్షల్లో ఒక వంతు వచ్చేస్తున్నట్టు.

ప్యానెళ్లు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే, "మీవాళ్లు తలుపు గట్టిగా కొట్టి ఫింగర్లు వంచేసుంటారు" అన్నారు. తలుపు అంచున సందు మూసే, స్ప్రింగుల్లాంటి బెరీలియం కాపర్ ఫింగర్ల గురించి ఆ మాట. కనీసం వచ్చి చూడలేదు. మే నెల ఎండలో, ఏసీ ఆపేసిన గదిలో ఒక్కో ఫింగర్‌ను ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచాను. కొత్త ఫింగర్ స్ట్రిప్‌లు డబ్బులిచ్చి తెప్పించి మార్చాను. రీడింగ్ 63 అయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

చివరికి మా దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ అన్న చిన్న యాంటెన్నాను గోడల పొడవునా తిప్పుతూ వచ్చి, ఫైబర్ కేబుల్ గోడ దాటి లోపలికొచ్చే గొట్టం దగ్గర ఆగాడు. "ఈడే అబ్బా, చూడు" అన్నాడు. అది 12 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం. ఖాళీగా ఉంటే దాదాపు 14 గిగాహెర్ట్జ్ లోపు తరంగాలను దాటనివ్వదు. అందులో లోహపు తీగ దూరితే మాత్రం అదే కేబుల్‌లా మారి సిగ్నల్‌ను లోపలికి మోస్తుంది. ల్యాన్ వైరు దూర్చకూడదని నాకు తెలుసు. అక్కడున్నది ఫైబర్ కదా, గాజేగా అనుకున్నాను.

అన్న బ్లేడుతో పైతొక్క కోశాడు. లోపల స్టీలు పట్టీ! నెట్‌వర్క్ కాంట్రాక్టర్ వేరే పనిలో మిగిలిన ఆర్మర్డ్ కేబుల్ వేసి వెళ్లిపోయాడు. ఆ పని బాగుందని సంతకం పెట్టింది నేనే. కేబుల్ లాగేయగానే రీడింగ్ వంద దాటింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇలాంటి గది కట్టేవాళ్లకు నేను చెప్పేది: లోహం అసలు లేని ఫైబరే అడగండి, వచ్చాక ముక్క కోసి చూడండి. సప్లయర్ ఫోన్లో చెప్పే మాట నమ్మొద్దు, మెయిల్‌లో రాయించుకోండి. డిగ్రీలున్న మేమంతా తలుపు చుట్టూ తిరుగుతుంటే, పదో తరగతి చదివిన అన్న లీకు పట్టాడు. మన పల్లెల్లో ఇలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి, జీతాలే లేవు. ఆయన జీతం గురించి ఎండీ గారితో నిన్ననే మాట్లాడాను.

అవసరం లేకుండా కొన్న స్ట్రిప్‌ల బిల్లు మాత్రం ఇంకా మా మీదే ఉంది. సోమవారం రిపోర్ట్ జతచేసి ఆ ప్యానెళ్లవాళ్లకు మెయిల్ పెడుతున్నా.