తుపాకీ తూకం డైస్‌లో లేదు, మందు కూరే టైంలో ఉంది

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) లాంటి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో, ఫాంటసీ ప్రపంచంలోకి తుపాకీ తెచ్చే జీఎం (ఆట నడిపే గేమ్ మాస్టర్) ముందుగా సవరించేది డ్యామేజ్ డైస్‌ని, అంటే దెబ్బ ఎంతో తేల్చే పాచికల్ని. 1డి12 (పన్నెండు ముఖాల పాచిక ఒకటి) ఇస్తే "దీనికంటే విల్లే నయం" అని ప్లేయర్ పెదవి విరుస్తాడు. 4డి12 ఇస్తే మూడో సెషన్‌కల్లా టేబుల్ మీద కత్తి పట్టేవాడు మిగలడు. ఈ రెండింటి మధ్య సరైన అంకె ఏదో ఉంటుందని వెతకడమే పొరపాటు. ఒక్కసారి పేలితే గట్టిగా తగలాలి, మళ్లీ పేలడానికి టైం పట్టాలి. తుపాకీ స్వభావమే అది. ఆ రెండో ముక్క వదిలేస్తే మొదటిది ఎంత పెట్టినా తూకం కుదరదు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1503లో ఇటలీలోని చెరిన్యోలా దగ్గర స్పెయిన్ సైన్యం తుపాకీలతో గెలిచింది. అయినా యూరప్ సైన్యాల్లో బల్లేలు పోయి తుపాకీ మొనకి బిగించే బాయ్‌నెట్ రావడానికి 1700 దాకా పట్టింది. అంటే తుపాకీ, బల్లెం, కత్తి ఒకే మైదానంలో దాదాపు 200 ఏళ్లు కలిసి ఉన్నాయి. బాగా కవాతు చేసిన సిపాయి చెకుముకి తుపాకీతో నిమిషానికి మూడు గుళ్లు కాల్చగలడు. వత్తి తుపాకీ అంతకన్నా నిదానం. డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో రౌండ్ (అందరికీ ఒక్కో టర్న్ వచ్చే చుట్టు) అంటే 6 సెకన్లు. లెక్క చూస్తే మంచి సిపాయికి కూడా గుండుకీ గుండుకీ మధ్య మూడు రౌండ్లకు పైనే. సగటు ఫైట్ నాలుగు రౌండ్లలో ముగిసిపోతుంది మరి.

ఆ ఎడిషన్ ఇచ్చిన అంకెలు చూడండి. పిస్టల్ 1డి10, రేంజ్ 30/90 అడుగులు (మామూలు దూరం, గురి తగ్గే గరిష్ఠ దూరం). మస్కెట్ 1డి12, 40/120. పెద్ద క్రాస్‌బో 1డి10, కానీ రేంజ్ 100/400. లోడింగ్ అనే లక్షణం ఉంది కాబట్టి యాక్షన్‌కి ఒక్కటే షాట్, అయితే మళ్లీ నింపడానికి విడిగా టైం ఏమీ పట్టదు. అంటే ఇక్కడ తుపాకీ పొట్టి రేంజ్ ఉన్న క్రాస్‌బో, అంతే. గన్నర్ అనే ఫీట్ (పాత్రకి ఎంచుకునే అదనపు నైపుణ్యం) తీసుకుంటే ఆ లోడింగ్ కూడా పోతుంది, అప్పుడది కాస్త బలమైన విల్లు. ఆట చెడిపోదు, కానీ తుపాకీ పట్టుకున్న రుచీ ఉండదు.

డీ అండ్ డీ లాంటిదే అయిన పాత్‌ఫైండర్ ఆట మొదటి ఎడిషన్ ఇంకో దారి పట్టింది. మొదటి రేంజ్ లోపల కాల్చే గుండుకి కవచం లెక్కలోకి రాదు, టచ్ ఏసీ మీద కొడితే చాలు (ఏసీ అంటే దెబ్బ తగలాలంటే డైస్‌తో అందుకోవాల్సిన అంకె, టచ్ ఏసీ అంటే అందులోంచి కవచం తీసేసినది). వినడానికి బాగానే ఉంది. ముసలి డ్రాగన్‌కి మామూలు ఏసీ 30 దాటుతుంది. అది పొలుసుల బలం, టచ్ ఏసీకి పనికిరాదు. పైగా సైజు పెనాల్టీ. దాంతో డ్రాగన్ టచ్ ఏసీ 10 లోపే ఆగిపోతుంది. గన్‌స్లింగర్‌కి (తుపాకీ వీరుడి పాత్రకి) డ్రాగన్‌ని కొట్టడం కన్నా తప్పించుకు తిరిగే దొంగని కొట్టడం కష్టం! తూకం తలకిందులవడమంటే ఇదే. కవచాన్ని ఛేదించాలనే ముచ్చట ఉంటే 20 అడుగుల లోపు ఏసీలో 2 తగ్గించండి, చాలు. అప్పట్లో మంచి కవచం మీద గుండు పేల్చి, ఆ సొట్టని నాణ్యతకి గుర్తుగా చూపించి అమ్మేవారు. కాబట్టి కవచం పూర్తిగా పనికిరాకుండా పోవడం నిజానికీ దూరమే.

ఆ ఆటలోనే ఇంకో పాఠం మిస్‌ఫైర్. దాడికి వేసే 20 ముఖాల పాచిక మీద పిస్టల్‌కి 1 పడితే, మస్కెట్‌కి 1 గానీ 2 గానీ పడితే మిస్‌ఫైర్. రౌండ్‌కి ఒక్కసారి కాల్చే కొత్తవాడి పిస్టల్ మొరాయించే అవకాశం 5 శాతం. నాలుగుసార్లు కాల్చే ఆరితేరినవాడికి కనీసం ఒక్కసారైనా మొరాయించే అవకాశం 18.5 శాతం. చేయి తిరిగే కొద్దీ తుపాకీ ఎక్కువ తుస్సుమంటుందన్నమాట. డైస్ మీద 1 పడినప్పుడల్లా శిక్ష వేసే ఏ రూలుకైనా ఈ జబ్బు తప్పదు.

నా ఓటు వేరే పద్ధతికి. మస్కెట్ నింపడానికి 3 పాయింట్లు, పిస్టల్‌కి 2 పాయింట్లు పెట్టండి. ప్లేయర్ తన టర్న్‌లో వదులుకున్న ఒక్కో దాడికి ఒక్కో పాయింట్. బోనస్ యాక్షన్ (టర్న్‌లో దొరికే చిన్న అదనపు పని) దీనికి చెల్లదు. మస్కెట్ డ్యామేజ్ 3డి12, పిస్టల్ 2డి10. లోడింగ్ లక్షణం తీసేయండి, పాయింట్లే ఆ పని చేస్తాయి.

దీన్ని ఐదో లెవెల్ ఫైటర్ మీద పెట్టి చూద్దాం. రౌండ్‌కి రెండు దాడులు. అన్నీ తగిలాయనుకుందాం, పోలికకి అది చాలు. డెక్స్టెరిటీ (చురుకుదనం) 18, అంటే దెబ్బకి +4, ఉన్నవాడు పెద్ద విల్లుతో ఒక్కో బాణానికి సగటున 8.5, నాలుగు రౌండ్లలో 68. అతనే మస్కెట్ మాత్రమే వాడితే మొదటి రౌండ్‌లో ఒక షాట్, ఒక పాయింట్. రెండో రౌండ్ మొత్తం మందు కూరడమే. మూడో రౌండ్‌లో మళ్లీ షాట్. రెండు షాట్లకి 47. దూరం నుంచి అదే పనిగా కాల్చేవాడికి విల్లే లాభం, అలాగే ఉండాలి కూడా. ఇప్పుడు స్ట్రెంత్ (బలం) 18 (+4), డెక్స్టెరిటీ 14 (+2) ఉన్న కత్తి వీరుడిని తీసుకోండి. రెండు చేతుల పెద్ద కత్తితో నాలుగు రౌండ్లకి 88. అతనే మొదట మస్కెట్ పేల్చి (21.5), దాన్ని అక్కడే పడేసి కత్తి దూస్తే, మొదటి రౌండ్‌లో 32.5, మిగతా మూడింట్లో 66, మొత్తం 98.5. తేడా 12 శాతం లోపే, కానీ ఆ తేడా అంతా శత్రువు ఇంకా కదలకముందే పడుతుంది. ఒక్క గుండు, తర్వాత కత్తి. ఫాంటసీకి కావలసిన దృశ్యం అదే కదా, లెక్క కూడా ఆటగాడిని అటే నెడుతోంది.

దొంగ విషయంలో జాగ్రత్త. అతనికి ఉన్నది ఒక్క దాడి కాబట్టి మళ్లీ కాల్చడం నాలుగు రౌండ్ల తర్వాతే, కానీ ఆ మొదటి గుండుకి స్నీక్ అటాక్ (అదను చూసి కొడితే దొంగకి వచ్చే అదనపు డ్యామేజ్) కలిస్తే ఐదో లెవెల్‌లోనే సగటు 34. స్నీక్ అటాక్ వాడితే మస్కెట్ 1డి12కి పడిపోతుందని ముందే చెప్పేయండి.

ఇక పిస్టళ్లు. నడుముకి ఆరు పిస్టళ్లు కట్టుకుని మందు కూరే శ్రమే లేకుండా చేస్తానని ఒక ప్లేయర్ తప్పకుండా వస్తాడు. డీ అండ్ డీ 2014 రూల్స్‌లో టర్న్‌కి ఒక్క ఆయుధమే ఉచితంగా తీయగలం కాబట్టి అది కొంత ఆపేది. 2024 రూల్స్‌లో ఒక్కో దాడికి ఒక ఆయుధం తీయొచ్చు, ఆ అడ్డు తొలగిపోయింది. దీనికి మందు స్వభావంలోనే జవాబు ఉంది. గొట్టంలో మందు, గుండు కూరి ఉంచినా, నిప్పు పడే పళ్లెంలో రంజకం (అంటించే పొడి మందు) విడిగా పోయాలి. పరిగెత్తి, గెంతి, కిందపడి లేస్తే ఆ పొడి ఒలికిపోతుంది. అందుకని రెండు పిస్టళ్లే సిద్ధంగా ఉంటాయి. మిగతా ఒక్కోదానికి రంజకం పోయడానికి 1 పాయింట్.

మిస్‌ఫైర్ బదులు మసి పెట్టండి. తుపాకీ మందు కాలితే దాని బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. అది గొట్టంలో పేరుకుంటే గుండు దిగదు. ప్రతి ఐదు షాట్లకి నింపే పాయింట్లు ఒకటి పెరుగుతాయి, తీరిగ్గా కడిగేదాకా తగ్గవు. ఇందులో డైస్ గొడవ లేదు, ఆరితేరినవాడికి అన్యాయం లేదు.

మ్యాజిక్ దగ్గరికి వస్తే డ్యామేజ్ పోలిక దండగ. ఫైర్‌బాల్ మంత్రం 8డి6, 20 అడుగుల వ్యాసార్థం, 150 అడుగుల దూరం. ఏ మస్కెట్ కూడా దానితో పోటీ పడదు, పడనక్కర్లేదు. తేల్చుకోవలసింది ఏ మంత్రం ఏ తుపాకీని ఆపుతుందనేది. 'క్రియేట్ ఆర్ డెస్ట్రాయ్ వాటర్' మొదటి లెవెల్ మంత్రం. అది 30 అడుగుల ఘనంలో వాన కురిపించి బయట ఉన్న మంటల్ని ఆర్పుతుంది. వత్తి తుపాకీల వరుస మీద వేస్తే వత్తులన్నీ ఆరిపోతాయి. చెకుముకి తుపాకీకి వత్తి ఉండదు, తడిసిన రంజకం తుడిచి మళ్లీ పోస్తే సరి. ఈ ఒక్క తేడాతోనే ఖరీదైన తుపాకీకి అర్థం వస్తుంది. విండ్ వాల్ అనే గాలి గోడ మంత్రం మామూలు బాణాల్ని పైకి ఎగరగొడుతుంది. సీసపు గుండు మామూలు ప్రక్షేపకమేనా? అవుననే నా తీర్పు, లేకపోతే మూడో లెవెల్ మంత్రం ఉత్త గాలి అవుతుంది. ఫైర్‌బాల్ ఒంటి మీద ఉన్న వస్తువుల్ని అంటించదు. కాబట్టి నడుముకి వేలాడే మందు కొమ్ము పేలదు, నేల మీది పీపా మాత్రం పేలుతుంది. డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం పీపా 7డి6, కొమ్ము 3డి6. ఇది సెషన్ మధ్యలో వాదించుకునే విషయం కాదు, ముందే రాసి పెట్టండి.

అసలు ప్రమాదం హీరో చేతిలోని తుపాకీ కాదు, ఊరివాళ్ల చేతిలోది. ఏసీ 18, 44 హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉన్న ఫైటర్ మీద శిక్షణ లేని ఇరవై మంది ఒకేసారి కాల్చారనుకోండి. 18 ఆపైన పడాలి, అంటే 15 శాతం, సగటున మూడు గుళ్లు తగులుతాయి. 3డి12 చొప్పున 58, హీరో అక్కడే కూలిపోతాడు. అందుకే కవాతు నేర్వనివాడికి 1డి12 మాత్రమే ఇవ్వండి, మందు కొలత అతనికి తెలీదు కాబట్టి. అప్పుడు 19 దాకా పోతుంది: గాయమే, చావు కాదు. నింపడానికి అతనికి 5 పాయింట్లు. పైగా పది తుపాకీలు కలిసి పేలాక ఆ వరుస ముందు ఒక రౌండ్ పాటు దట్టమైన పొగ. ఆ పొగలోంచే కత్తి వీరుడు దూసుకొస్తాడు.

మిగిలింది మందు. సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. బొగ్గు ఎక్కడైనా కాలుస్తారు, గంధకం కొనుక్కోవచ్చు, ఇబ్బందంతా సూరేకారంతోనే. పెంట, మూత్రం కలిసిన మట్టి నెలల తరబడి మాగాలి, తర్వాత నీళ్లలో కడిగి కాచి తీయాలి. మీ ప్రపంచంలో ఆ మట్టి కుప్పలు ఎవరి అదుపులో ఉన్నాయో రాసుకోండి, ఆటగాళ్ల బృందానికి ఒక్కో ఊళ్లో ఎన్ని షాట్ల మందు దొరుకుతుందో కూడా. 20 అని మొదలుపెట్టండి. పది మిగిలాక ప్లేయర్ ప్రతి గుండుకీ ముందు ఒకసారి తన కత్తి వైపు చూస్తాడు.