డబ్బా తెరిచే ముందు, తెరిచాక

మా మరదలు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తుంది. బాబుకి మూడో నెల నిండకుండానే పనికి రమ్మని కబురొచ్చింది. ఆ వారంలోనే పాలపొడి డబ్బా ఇంట్లో దిగింది. "పాలు సాల్లేదు వదినా, సాయంత్రమైతే గుంటడు ఊరుకోడు" అంది.

సాయంత్రం పూట ఏడవడం, ఊరికే రొమ్ముకి ఎగబడడం ఆ వయసులో మామూలే. మొదటి వారాల్లోలా రొమ్ములు బిగువుగా లేకపోతే పాలు తగ్గిపోయాయని భయపడతారు, అదీ నిజం కాదు. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తూ, అంగన్‌వాడీ తూకంలో బరువు పెరుగుతుంటే బిడ్డ కడుపు నిండుతున్నట్టే. మావాడికి రెండూ బాగానే ఉన్నాయి.

అంటే పాలు లేక కాదు, తల్లి ఇంట్లో ఉండే వీలు లేక డబ్బా వచ్చింది. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల ప్రసూతి సెలవు, ఆ తర్వాత బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పని మధ్యలో పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు అని చట్టంలో ఉంది. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ మాట చెప్పేదెవరు? అలాంటి తల్లిని కూర్చోబెట్టి తల్లిపాల గొప్పతనం బోధించడం అన్యాయం.

ఆశా కార్యకర్త వస్తే మా మరదలు డబ్బాని బియ్యం డ్రమ్ము వెనక్కి తోసేసింది. నాకు భయం వేసింది అక్కడే. దాచిపెడితే కలిపే పద్ధతి ఎవరు చెప్తారు?

మర్నాడు చూశాను. మా అమ్మ సగం చెంచా పొడి వేసి నీళ్ళు నిండా పోస్తోంది. "పల్చగా ఉంటే అరుగుద్ది, డబ్బా నాలుగు రోజులొస్తాది" అంది. ప్రేమతో చేసేదే. కానీ అలా పడితే కడుపు నిండుతుంది, బలం అందదు. చిక్కగా కలిపినా ముప్పే. డబ్బాలో ఉన్న చెంచాతోనే తీసి, చాకుతో అంచు వరకు చదును చేసి, దానిమీద రాసినన్ని నీళ్ళే పోయాలి. రెండు గంటల్లో తాగకపోతే పారబోయాలి. అమ్మ మనసు అక్కడే ఒప్పుకోలేదు, అంత ఖరీదు మరి.

ఇక నీళ్ళు. పలాస చుట్టుపక్కల మా ఉద్దానం వాళ్ళకి నీళ్ళంటేనే గుబులు, ఇక్కడ చాలామందిని పట్టిన కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నీళ్ళు వస్తున్నా బిడ్డకి అనేసరికి చెయ్యి ఆగుతుంది. నీళ్ళని తెర్లించి, 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలి. పొడిలోనూ క్రిములు ఉండొచ్చు, ఆ వేడికి అవి చస్తాయి. తర్వాత గోరువెచ్చగా అయ్యాక పట్టాలి. సీసా బదులు ఉగ్గుగిన్నె వాడుతున్నాం, కడగడం తేలిక.

రొమ్ము పాలు పిండి దాచిపెట్టొచ్చంటే మా అమ్మ నమ్మలేదు. "తీసిన పాలు ఇరిగిపోవా?" అని. మామూలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మా ఎండలకి బయట అంతసేపు పెట్టలేం, అందుకే నేరుగా ఫ్రిజ్‌లోకే. పొయ్యి మీద కాచకుండా, గిన్నెని వేడి నీళ్ళలో దించి వెచ్చబెడితే చాలు. మా మరదలు జీడి జిడ్డు పోయేదాకా చేతులు తోముకుని, ఆపైనే పిండుతుంది.

ఇప్పుడు పొద్దున్నా, రాత్రంతా రొమ్ము పాలే. రాత్రి ఎంత తాగితే పాలు అంత నిలబడతాయి. పగలు ఒకసారి పిండినవి, చాలకపోతే ఒక్కసారి డబ్బావి. మధ్యాహ్నం బువ్వ వేళకి అమ్మ బాబుని ఎత్తుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్తుంది. మేస్త్రీ మొదట్లో సణిగాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా పిల్లల్ని తెప్పించుకోవడం మొదలెట్టాక, గేటు పక్కన నీడలో బల్ల వేయించాడు.