వెన్నుపూస విరిగాక బరువులెత్తడం

2018 వేసవిలో ఓ సాయంత్రం వంటింట్లో మంచినీళ్ళ క్యాను పక్కకు జరపబోతే నడుములో కలుక్కుమంది. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. క్యాను కూడా సగం ఖాళీదే. రెండు రోజులు తిరిగేసరికి మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా ప్రాణం పోయేంత నొప్పి. మా ఆయన విజయనగరం నుంచి విశాఖపట్నం తీసుకెళ్ళి ఎంఆర్ఐ తీయించారు. నడుము భాగంలోని మొదటి వెన్నుపూస ముందువైపు అణిగిపోయి ఉంది. అప్పటికి నాకు 52 ఏళ్ళు.

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ మైనస్ 3.2 వచ్చింది. వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముక సాంద్రతతో మనదాన్ని పోల్చి ఇచ్చే అంకె అది. మైనస్ 2.5 గానీ, అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారాయని లెక్క.

రిపోర్టు చూస్తూనే డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది.

“గర్భసంచి ఆపరేషన్ అయిందా అమ్మా?”

“అయిందండీ, 35వ ఏట.”

“అండాశయాలు ఉంచారా, తీసేశారా?”

నాకు తెలియదు. అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి బీరువాలో పాత కాగితాలన్నీ తిరగేస్తే, డిశ్చార్జి షీటు మీద రెండూ తీసేసినట్టు చేత్తో రాసి ఉంది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఎముక రాయి కాదని, ప్రాణమున్న కణజాలమని, కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తుంటే ఇంకొన్ని కొత్త ఎముకను పేరుస్తుంటాయని ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తాను. తొలిచే కణాలను అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ అదుపులో ఉంచుతుంది. అండాశయాలు తీసేస్తే ఆ అదుపు ఒక్కసారిగా పోతుంది. నలభై ఐదు దాటాక మెల్లగా రావాల్సిన మెనోపాజ్ నాకు 35కే, ఒక్క రోజులో వచ్చింది. అక్కణ్ణుంచి పదిహేడేళ్ళ పాటు నా ఎముకలు నాకు తెలియకుండానే తరిగిపోయాయి.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వాళ్ళలో చాలామందికి నలభై కూడా నిండకుండానే ఆపరేషన్ అయింది. మా స్టాఫ్ రూములో ఉన్నారు, మా వీధిలో ఉన్నారు. మీ డిశ్చార్జి కాగితంలో అండాశయాల గురించి ఏం రాశారో చూసుకోండి. తీసేసి ఉంటే డెక్సా స్కాన్ సంగతి డాక్టర్ని అడగండి. ఈ ముక్క నేను కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను, ఇక్కడా చెబుతున్నాను.

వైద్యం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. కొన్ని వారాలు నడుముకి గట్టి బెల్టు. వారానికోసారి పాలల్లో కలుపుకుని తాగే విటమిన్ డి పొడి. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఎముక తరుగుదలను తగ్గించే మందు. మొదటిసారి ఎక్కించిన రాత్రి జ్వరం, ఒళ్ళంతా నొప్పులు వచ్చాయి, రెండు రోజుల్లో తగ్గాయి. విరిగిన ఎముక కూడా అతుక్కుంది.

భయం మాత్రం పోలేదు. క్లాసులో చాక్‌పీస్ కింద పడితే వంగేదాన్ని కాదు, పిల్లలే తీసి ఇచ్చేవారు. ఇంట్లో బిందె ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆటో గతుకుల్లో వెళ్తుంటే ఊపిరి బిగపట్టి కూర్చునేదాన్ని. ఏడాది గడిచేసరికి తొడలు సన్నబడ్డాయి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. మా అమ్మమ్మ చివరి రోజుల్లో నేలను చూస్తూనే నడిచేది. నాకూ అదే రాసి ఉందనుకున్నాను.

తర్వాతి చెకప్‌లో డాక్టర్ గారు తొడ కండ పట్టి చూసి, “ఇది ఇలా కరిగిపోతే మందు ఎంత వేసినా లాభం లేదమ్మా. తూలి పడితే తుంటి విరుగుతుంది. కండ పెంచాలి” అన్నారు. నడక సరిపోదా అని అడిగాను. నడక గుండెకు మంచిదే గానీ, ఎముక గట్టిపడాలంటే దానికి అలవాటైన దానికన్నా ఎక్కువ బరువు దాని మీద పడాలని, కండ ఎముకను లాగాలని వివరించారు. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ప్రచురించిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పారు. ఎముకలు పలచబడ్డ 101 మంది మెనోపాజ్ దాటిన స్త్రీలను తీసుకుని, సగం మందితో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున 8 నెలలు బరువులెత్తించారు. తేలిక డంబెల్స్ కాదు, కింద ఉన్న బరువు పట్టుకుని నిటారుగా లేచే డెడ్‌లిఫ్ట్, భుజాల మీద బరువుతో గుంజిళ్ళు తీసే స్క్వాట్, తలమీదికి ఎత్తే ప్రెస్. వాళ్ళకు వెన్నులో ఎముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది, ఇంటి దగ్గర తేలిక వ్యాయామాలు చేసినవాళ్ళకు ఒక శాతం పైగా తగ్గింది. “కానీ అది దగ్గరుండి చేయించిన పని. మీరు ముందు ఫిజియో దగ్గరికి వెళ్ళండి, ఆ తర్వాత మంచి కోచ్‌ని చూసుకోండి” అన్నారు.

మంచి కోచ్ కోసం మేం దూరం వెళ్ళక్కర్లేదు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది. ఇంటికొకరు వెయిట్‌లిఫ్టర్ అన్నా అతిశయోక్తి అనిపించదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. పక్కనున్న శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచిన మర్నాడు మా స్కూల్లో పిల్లలకు మిఠాయిలు పంచాం. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆడవాళ్ళు ఇనుము ఎత్తడం మా వైపు వింత కాదు. కాకపోతే అది పదహారేళ్ళ పిల్లల పని అనుకుంటాం. కొండవెలగాడలో నేర్చుకుని మా టౌన్లో జిమ్ పెట్టిన ఒకబ్బాయి దగ్గరికి రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్ళాను. పక్కింటి కోడలు మాత్రం చాలా భయపడింది. “ఈ వయసులో బరువులేటి పిన్నీ, మళ్ళీ నడుం ఇరిగితే ఎవరు చూత్తారు?” అని చెయ్యి పట్టుకుని అడిగింది.

ఆ అబ్బాయి చాలా రోజులు నాకు బరువు ఇవ్వలేదు. చీపురుకర్రంత కర్ర ఇచ్చాడు. దాన్ని వీపు మీద నిలువుగా పట్టుకోవాలి. తల వెనక, భుజాల మధ్య, వెన్ను చివర, మూడు చోట్లా కర్ర ఆనుకుని ఉండాలి. అలా పట్టుకుని తుంటి దగ్గర మడుస్తూ, పిరుదులు వెనక్కి నెడుతూ ముందుకి వంగాలి. వీపు గుండ్రమైతే కర్ర ఏదో ఒక చోట వదిలేస్తుంది. “నడుము వంచకండి మేడమ్, తుంటి మడవండి” అనేవాడు. వెన్నుపూస విరిగినవాళ్ళకు వీపు వంచి బరువు పట్టడం, పట్టుకుని పక్కకు తిరగడం ప్రమాదం. అందుకే ఆ కర్ర పాఠం అంత పట్టుబట్టి చెప్పాడు. అది ఒంటబట్టాక 15 కిలోల ఆడవాళ్ళ బార్‌ని, అంటే ప్లేట్లు తగిలించే ఇనుప కడ్డీని, చెక్కదిమ్మల మీద, దాదాపు మోకాలి ఎత్తున పెట్టి, పట్టుకుని నిటారుగా నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఏమీ విరగలేదు. బార్ కింద పెట్టాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు ఇంటికెళ్ళి నీళ్ళ బిందె నేనే ఎత్తి గట్టు మీద పెట్టాను.

మొదటి ఏడాది ఉత్సాహం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. కొత్తగా మొదలుపెట్టిన శరీరం ఏ వయసులోనైనా తొందరగా అందుకుంటుంది. 1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్ళ వయసున్న వృద్ధులతో 8 వారాలు కాళ్ళకు బరువు వ్యాయామాలు చేయిస్తే వాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. నేను వాళ్ళకన్నా చిన్నదాన్ని. ప్రతి పక్షానికీ బార్‌కి అటో చిన్న ప్లేటు, ఇటో చిన్న ప్లేటు పడేది. దిమ్మల ఎత్తు తగ్గుతూ వచ్చింది. లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకుని తేదీ, బరువు, ఎన్నిసార్లు ఎత్తాను, నడుము ఎలా ఉంది అని రాసుకునేదాన్ని. లాక్‌డౌన్‌లో జిమ్ మూసేసినా పాత పాఠ్యపుస్తకాలు బ్యాగులో నింపి వీపున తగిలించుకుని మెట్లెక్కాను. 2021 చివరికి డెడ్‌లిఫ్ట్ 50 కిలోలకు చేరింది. నా ఒంటి బరువు 54.

అసలు కష్టం అక్కడ మొదలైంది. అంకె కదలడం మానేసింది. 52 ఎత్తాను, తర్వాతి వారం 50, ఆ తర్వాత 47. నెలల తరబడి నోట్‌బుక్‌లో అవే అంకెలు. పొద్దున ఐదింటికి అలారం మోగితే, ఎందుకు లేవాలి అనిపించేది. నాతోపాటు చేరినవాళ్ళలో చాలామంది సరిగ్గా ఈ దశలోనే మానేశారు. వాళ్ళకు బద్ధకమని నేను అనను. పెరుగుదలను చూపించి లేపిన మనసుకి ఆ పెరుగుదల ఆగిపోతే లేవడానికి కారణం కనిపించదు.

పైగా ఎముక ఏమీ చెప్పదు. కండ పెరిగితే మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. ఎముక గట్టిపడిందో లేదో ఏడాదికో రెండేళ్ళకో స్కాన్ తీస్తే తప్ప తెలియదు. తీసినా ఒక దశాంశం అటూఇటూ. దాన్ని నమ్ముకుని రోజూ పొద్దున్నే లేవడం కుదరదు.

ఒకరోజు నోట్‌బుక్ చూపించి, ఇంక నా వల్ల కావట్లేదేమో బాబూ అన్నాను. అతను పేజీలు వెనక్కి తిప్పి ఏడాది కిందటి తేదీ దగ్గర వేలు పెట్టాడు. “అప్పుడు 50, ఇప్పుడు 50. ఈ ఏడాదిలో మీ వయసు ఏడాది పెరిగింది కదా మేడమ్. బరువు తగ్గలేదంటే మీరు పెరిగినట్టే” అన్నాడు.

ఆ మాట గురించి చాలా ఆలోచించాను. ముప్ఫైలు దాటాక కండ ఏటా కొంచెం తరుగుతుంది, అరవై దగ్గరికొచ్చేసరికి ఆ తరుగు జోరందుకుంటుంది. ఏటికి ఎదురీదేవాడు ఉన్నచోటే ఉన్నాడంటే ఈదుతున్నట్టే లెక్క. యాభై దాటినవాళ్ళకి వ్యాయామం చెప్పేవాళ్ళు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలని నా అభిప్రాయం. ఎంతసేపూ ఇంకా, ఇంకా అని తరిమితే ఏడాదికో రెండేళ్ళకో అందరం ఇంటికెళ్ళిపోతాం. అప్పటినుంచి నోట్‌బుక్‌లో ఇంకో గడి గీశాను, కిందటేడు ఇదే వారంలో ఎంత ఎత్తానో రాసుకోవడానికి. పోయిన వారంతో పోల్చుకోవడం మానేశాను. నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టినవాటిలో ఆ గడిదే పెద్ద భాగం.

2023 వర్షాకాలంలో డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. లేచాక మెట్లెక్కితే ఆయాసం. జిమ్‌కి వెళ్ళడానికి సిగ్గేసింది, ఎందుకంటే మళ్ళీ మొదటికొచ్చానని తెలుసు. ఆ అబ్బాయి ప్లేట్లన్నీ తీసేసి, ఎత్తేదానిలో సగంతో మొదలుపెట్టించాడు. ఒకసారి సంపాదించుకున్న బలం మళ్ళీ రావడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. సంక్రాంతి నాటికి పాత అంకెకి దగ్గరగా వచ్చేశాను. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, ఎలక్షన్ డ్యూటీ, పదో తరగతి వాల్యుయేషన్, ఏది అడ్డొచ్చి విరామం వచ్చినా టెన్షన్ పడటం లేదు. సగంతో మొదలుపెడతాను.

తిండి కూడా మారింది. మా ఇంట్లో అన్నం ఎక్కువ, పప్పు పలచన. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు కిలో ఒంటి బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. నా వయసుకి, ఈ వ్యాయామానికి ఒక గ్రాముకి తగ్గకూడదన్నారు డాక్టర్ గారు. పొద్దున చోడి (రాగి) అంబలి, రెండు గుడ్లు. మధ్యాహ్నం ముద్దపప్పు, పెరుగు. దొరికిన రోజు చేపలు. మునగాకు పప్పులో నువ్వులపొడి. పౌడర్ డబ్బాలేవీ కొనలేదు.

ఇంకో సంగతి, ఒంటరిగా అయితే ఇన్నేళ్ళు సాగేది కాదు. నాతో ఓ రిటైరైన ఏఎన్ఎమ్ అక్క, మా స్కూలు హిందీ పండితురాలు వస్తారు. హిందీ మేడమ్‌కి కూడా నాలాగే ముప్ఫైల్లో ఆపరేషన్ అయింది. వానొచ్చినా, ఒళ్ళు బరువుగా ఉన్నా ఏఎన్ఎమ్ అక్క వీధి చివర నిలబడి ఉంటుందని తెలుసు కాబట్టి లేస్తాను. ఆవిడ కూడా నా కోసమే లేస్తానంటుంది. ముగ్గురం ఒకరి బార్‌కి ఒకరం ప్లేట్లు ఎక్కిస్తాం. వీపు ఎవరిది గుండ్రమైనా మిగతా ఇద్దరం అరుస్తాం.

కిందటేడు స్కాన్‌లో వెన్ను టీ-స్కోర్ మైనస్ 2.6 వచ్చింది. మందు పని ఎంత, బరువుల పని ఎంత అని విడదీసి చెప్పలేమన్నారు డాక్టర్ గారు. ఆరేళ్ళు వరసగా తీసుకున్నాను కాబట్టి ఇంజెక్షన్ కొంతకాలం ఆపి చూద్దామన్నారు. ఎముకలో చేరిన మందు ప్రభావం ఆపాక కూడా కొన్నాళ్ళు ఉంటుందట. ఈలోపు మీ పని మీరు ఆపకండి అన్నారు.

2028లో నా రిటైర్మెంట్. మంగళ, శుక్రవారాలు జిమ్ ఇప్పటికీ మానలేదు. ఈ వారం డెడ్‌లిఫ్ట్ 50. పక్క గడిలో కిందటేటిది 50. మా హిందీ మేడమ్‌కి మొన్ననే మొదటిసారి దిమ్మలు తీసేసి బార్ నేల మీద పెట్టారు. వచ్చే నెల నుంచి ఆడవాళ్ళకు విడిగా పొద్దున బ్యాచ్ పెడతానంటున్నాడు కోచ్. డెక్సా రిపోర్టు ఉన్నవాళ్ళు అది వెంట తెచ్చుకోవాలని బోర్డు మీద రాయమన్నాను. రాశాడు.