ఆవపెట్టిన పనసపొట్టు కూర, ఉన్నదున్నట్టు అచ్చయ్యేదాకా

ఇవాళే ప్రూఫ్ మీద, అంటే అచ్చుకి ముందు సరిచూసుకునే కాగితం మీద, సంతకం పెట్టి వచ్చాను. మా కాలనీ మహిళా సంఘం వేస్తున్న వంటల పుస్తకంలో మా అత్తయ్య చేసే ఆవపెట్టిన పనసపొట్టు కూర నేను రాసింది రాసినట్టుగా అచ్చవుతోంది. దాని కోసం పడ్డ తిప్పలు వేడివేడిగా ఉండగానే చెప్పేయాలి.

ఫారం నింపడం, విశాఖ పూర్ణా మార్కెట్లో పొట్టు కొట్టించి తేవడం, ఫొటో తీయడం పెద్ద పనేం కాదు. ఫొటో మా అబ్బాయే తీశాడు.

కొలతల దగ్గర మాత్రం ఓపిక కావాలి. అత్తయ్యది చోడవరం. ఉప్పు ఎంత వేశారని అడిగితే చెయ్యి చూపిస్తారు. ఆ చేతిలో ఎంత పడుతుందో ఆవిడకే తెలియదు, తెలియాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. నేను చేసింది ఇది. ఉప్పు డబ్బాను డిజిటల్ కాటా మీద పెట్టి జీరో నొక్కేశాను. ఆవిడ ఎప్పటిలాగే చెయ్యి పెట్టి తీసుకున్నారు, కాటా మీద మైనస్ 12 అని పడింది. చింతపండుకీ, ఆవాలకీ అంతే. ఆవిడ వంటకి అడ్డం రాలేదు, నా అంకె నాకు దొరికింది. వేరే వేరే రోజుల్లో చూసినా తేడా గ్రాము, రెండు గ్రాములే. అరకిలో పొట్టుకి 12 గ్రాముల మెత్తటి ఉప్పు, 30 గ్రాముల చింతపండు, 10 గ్రాముల ఆవాలు, నాలుగు టేబుల్ స్పూన్ల నూనె. ఇన్నేళ్ల చెయ్యి అంటే ఏమిటో ఆ కాటా చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. పెద్దవాళ్ల వంట రాయాలనుకునే వాళ్లు ఎంత వేశారని అడుగుతూ కూర్చోకండి, డబ్బా కింద కాటా పెట్టండి.

ఉప్పు మెత్తటిదో కల్లుప్పో కూడా రాయాలి. స్పూనుతో కొలిస్తే రెండూ ఒకే బరువు తూగవు. కప్పు అని రాస్తే ఎన్ని మిల్లీలీటర్లో చెప్పాలి, బజార్లో 240వీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి. పొట్టు లాంటిదైతే కప్పు అసలు వద్దు. నొక్కి నింపితే ఒకలా, వదులుగా పోస్తే ఒకలా ఉంటుంది. కుక్కర్లో రెండు విజిల్స్ అని రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మూడు లీటర్ల కుక్కరూ అయిదు లీటర్ల కుక్కరూ ఒకేలా కూస్తాయా?

రాశాక ఎదురింటి కోడలి చేత వండించాను. కర్నూలు పిల్ల, పనసపొట్టు అంతకుముందు ముట్టుకోలేదు. నేను కుర్చీలో కూర్చుని నోరు మెదపనని మాటిచ్చాను.

"ఆంటీ, పొట్టు ఉడికిందని ఎలా తెలుస్తుంది?"

"పిండేటప్పుడు నీళ్లన్నీ పోవాలా, కొంచెం తడి ఉండాలా?"

అడిగిన ప్రతి ప్రశ్నా ఒక వాక్యమై కాగితం మీదకి వెళ్లింది. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, ముద్ద కాకూడదు. గట్టిగా పిండి పళ్లెంలో పరిస్తే పొడిపొడిగా విడిపోవాలి. కూర చక్కగా కుదిరింది. అత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు.

ఆ కాగితం పట్టుకుని సంఘం మీటింగ్‌కి వెళ్లాను. వంటలు ఎంపిక చేసే బాధ్యత ఒక మేడం తీసుకున్నారు. నా కాగితం తీసి అందరి ముందూ పైకి చదివారు. "12 గ్రాములట, 10 గ్రాములట. ఇది వంటా, మందుల చీటీయా? మన ఇళ్లల్లో ఎవరండీ గ్రాముల్లో వండేది?" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నా వెనకే కూర్చున్న అత్తయ్య తల దించుకున్నారు. నన్నంటే పడేదాన్నే. ఆవిడ వంట మీద ఆవిడ ఎదురుగా నవ్వించడం మాత్రం ఇప్పటికీ జీర్ణం కావట్లేదు. వయసులో పెద్దవాళ్లు, ఎప్పుడూ నలుగురిలోకి రానివాళ్లు అక్కడ కూర్చున్నారన్న ఇంగితం ఉండక్కర్లేదా?

తర్వాత ఫోన్‌కి వచ్చిన ప్రూఫ్ చూస్తే కడుపు రగిలిపోయింది. నా పేజీ అయిదు వాక్యాలైంది. ఉప్పు, పులుపు, కారం అన్నీ "తగినంత". అన్నిటికంటే ఘోరం, పోపు వేగాక ఆవముద్ద కూడా వేసి పది నిమిషాలు మగ్గించమని ఉంది. నేను రాసింది పొయ్యి ఆపి, కూర గోరువెచ్చగా అయ్యాక కలపమని. ఆవాలు నూరి తడి తగిలితేనే ఆ ఘాటు పుడుతుంది, పొయ్యి మీద మరిగిస్తే అది ఆవిరైపోయి చేదే మిగులుతుంది. ఆ ఒక్క వాక్యం తీసేస్తే అది ఆవపెట్టిన కూరే కాదు. ఆ పేజీ కింద మా అత్తయ్య పేరు వేశారు!

వాదించలేదు. ఆ ప్రూఫ్ ఎదురింటి అమ్మాయికిచ్చి, ఈసారి దీని ప్రకారం వండమన్నాను. కారణం చెప్పలేదు. గిన్నె తెచ్చి అత్తయ్యకి ఇచ్చింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఆవ పొయ్యి మీదే వేశావా తల్లీ? చేదెక్కిపోయింది" అన్నారు. ఆ గిన్నె తీసుకుని తిన్నగా సంఘం ప్రెసిడెంటుగారింటికి వెళ్లాను. రిటైరైన టీచరు. రుచి చూశారు, నా కాగితం, ప్రూఫు పక్కపక్కనే పెట్టుకుని కళ్లజోడు సర్దుకుని నిదానంగా చదివారు. "మా అమ్మాయి పూనాలో ఉందమ్మా. దీంతో వండగలదు, దాంతో వండలేదు" అని నా కాగితం మీద టిక్ పెట్టారు. మేడంగారు ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశారు. మానేయనివ్వండి.

మీరు వంట రాసిచ్చేటప్పుడు రెండు పనులు చేయండి. కాగితం జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి, ఒరిజినల్ ఒక్కటే ఇచ్చేసి రాకండి. ప్రూఫ్ చూపించి సంతకం తీసుకున్నాకే అచ్చుకివ్వాలని ముందే రాయించుకోండి. సంతకం పెట్టేముందు ఉప్పు దగ్గర, పొయ్యి ఆపే దగ్గర వేలు పెట్టి చదవండి. ఫొటో ఎలా పడిందో తర్వాత చూసుకోవచ్చు.