మెడికల్ టెర్మినాలజీ నేర్చుకోవడం: ‘పైన’, ‘వాపు’, ‘గడ్డ’ దగ్గర తప్పిన లెక్క (నా అనుభవం)

మెడికల్ కోడింగ్ అంటే డాక్టరు రాసిన జబ్బుకూ చికిత్సకూ కోడ్ నంబర్లు వేయడం. అందులో సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షకు 4 గంటల్లో 100 ప్రశ్నలు. ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా రావు. కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకోనిస్తారు గానీ ప్రశ్నలోని పదం అర్థం కాకపోతే ఏ పేజీ తెరవాలో తెలియదు. అందుకని నేనూ అందరిలాగే ఇంగ్లిష్ పదం, ఎదురుగా తెలుగు అర్థం రాసుకుంటూ వెళ్లాను. వారం తిరిగేసరికి నోట్‌బుక్‌లో నాలుగు పదాల ఎదురుగా ఒకే మాట కనబడింది: ‘పైన’.

గుండె పొట్టకు పైన, అది సుపీరియర్. మోచేయి మణికట్టుకు పైన, అది ప్రాక్సిమల్. చర్మం కండకు పైన, అది సూపర్‌ఫిషియల్. పాదం పైన దెబ్బ తగిలితే అది డార్సల్. మనకు నాలుగూ ఒకటే, రిపోర్టులో నాలుగూ వేరు. పైగా డార్సల్ అంటే మొండెం దగ్గర వీపువైపు, పాదం దగ్గరికొచ్చేసరికి పైభాగం. దాంతో అర్థాలు రాయడం మానేసి, ప్రతి పదాన్నీ రెండు అవయవాల మధ్య వాక్యంగా రాశాను: ‘మోకాలు చీలమండకు ప్రాక్సిమల్’, ‘ముక్కు చెవికి మీడియల్’ (అంటే ఒంటి మధ్యగీతకు దగ్గర). దిక్కు పదాలన్నీ పోలికలే. దేనితో పోలుస్తున్నామో లేకుండా బట్టీపడితే నిలవవు.

ఈ వాక్యాలు బల్ల ముందు కూర్చుని రాస్తే తప్పు పడుతుంది. అరచేతులు బల్లకు ఆనించి చూసుకుంటే బొటనవేలు లోపలివైపు కనబడుతుంది, దాంతో ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముకను మీడియల్ అని రాసేస్తాం. అనటామికల్ పొజిషన్ అంటే నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి ఉండటం. అప్పుడు చిటికెనవేలు ఒంటివైపు, బొటనవేలు బయటివైపు వస్తాయి. అంటే చిటికెనవేలి వైపు ఎముక అల్నా మీడియల్, రేడియస్ లాటరల్ (బయటివైపుది). లేచి నిలబడి తాకి చూసుకోవాల్సిందే, మరో దారి లేదు. కుడి ఎడమలు కూడా రోగివి, మనవి కావు. ఎక్స్‌రేలో రోగి కుడివైపు మన ఎడమకు వస్తుంది.

ప్రాక్సిమల్ అంటే ‘పైది’ అనుకున్నవాళ్లను పెద్దపేగు పట్టిస్తుంది. గొట్టాల్లో లెక్క ఎత్తును బట్టి కాదు, ప్రవాహాన్ని బట్టి. పెద్దపేగులో పైకెళ్లే భాగం అసెండింగ్ కోలన్. అది కింద సీకం (పెద్దపేగు మొదలు) దగ్గర మొదలై పైకి వెళ్తుంది, కాబట్టి అక్కడ ప్రాక్సిమల్ భాగం కిందే ఉంటుంది. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం యురేటర్‌లో మూత్రాశయం దగ్గరి కొస డిస్టల్, అంటే ప్రాక్సిమల్‌కు ఎదురు కొస.

తర్వాతి చిక్కు చేయి, కాలు. మనం భుజం నుంచి వేళ్ల దాకా ‘చేయి’ అనే అంటాం. మెడికల్ భాషలో భుజం నుంచి మోచేయి దాకానే ఆర్మ్, ఆ కింద ఫోర్ ఆర్మ్, మణికట్టు దాటాక హ్యాండ్. జబ్బుల కోడ్ పుస్తకం ఐసీడీ-10-సీఎంలో ఎముక విరిగితే భుజం, ఆర్మ్ ఎస్42లో, ఫోర్ ఆర్మ్ ఎస్52లో, మణికట్టు, హ్యాండ్ ఎస్62లో ఉంటాయి. ‘మణికట్టు విరిగింది’ అని వచ్చిన రోగికి డాక్టరు ‘డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్’ అని రాశారనుకోండి. మణికట్టు అన్నారు కదా అని ఎస్62కి పోతే తప్పు. విరిగింది రేడియస్ కింది కొస, అది ఎస్52.5. ‘డిస్టల్’, ‘రేడియస్’ రెండూ చూసుకుంటే చాలు. ‘కాలు’ కూడా ఇంతే: లెగ్ అంటే మోకాలి నుంచి చీలమండ దాకానే. ‘కడుపు’ అని రాసుకున్నా ఇబ్బందే: గ్యాస్ట్రో అంటే జీర్ణాశయం, ల్యాపరో అంటే మొత్తం పొట్ట.

జబ్బుల, ఆపరేషన్ల పదాలను తోక (చివరి ముక్క) నుంచి చదవాలి. కొలెసిస్టెక్టమీ తీసుకోండి. ఎక్టమీ అంటే తీసేయడం, సిస్ట్ అంటే తిత్తి, కొలె అంటే పైత్యరసం. పిత్తాశయం తీసేశారన్నమాట. కొలె లేకుండా ఉత్త సిస్టైటిస్ అంటే మాత్రం మూత్రాశయం సంగతి. ఓటమీ కోత పెట్టడం, ఆస్టమీ దారి తెరిచి ఉంచడం. (మన ఓటమి, అష్టమి గుర్తొచ్చి నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వల్లే మర్చిపోం.)

ఇక్కడ కూడా తెలుగు అర్థం ముంచుతుంది. లివర్ హెపటైటిస్ వల్ల దెబ్బతిన్నా, హెపటోమెగలీ అయి పెద్దదైనా ‘లివర్ వాచింది’ అనే అంటాం. కాళ్లలో నీరు చేరే ఎడిమా కూడా వాపే. ఐటిస్ తోకకు ఇన్‌ఫ్లమేషన్ అనే రాసుకోండి. ఇన్‌ఫెక్షన్ అని మాత్రం రాయకండి, ఆస్టియో ఆర్థరైటిస్‌లో క్రిమి ఏదీ ఉండదు. ‘గడ్డ’ ఇంకా దారుణం. చీము పట్టిన చర్మం మీది ఆబ్సెస్ ఎల్02, కొవ్వు గడ్డ లైపోమా డి17, క్యాన్సరైన మెలనోమా సి43. ఓమా తోక చూసి మామూలు గడ్డ అని తేల్చేయకూడదు. లింఫోమా క్యాన్సరే, హిమటోమా పేరుకున్న రక్తం, కంటి జబ్బు గ్లకోమాలో అసలు గడ్డే లేదు.

ఉచ్చారణ కోసం పదాలను తెలుగు లిపిలో రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. నాకూ ఉండేది. దాన్ని మాన్పించింది ‘ఇలియం’. చిన్నపేగు చివరి భాగం ఇలియమే, తుంటి ఎముక పైభాగం కూడా ఇలియమే. ఇంగ్లిష్‌లో ఎల్ తర్వాత ఇ (e) ఉంటే పేగు, ఐ (i) ఉంటే ఎముక. తెలుగులో రాస్తే ఆ తేడా పోతుంది. పెరోనియల్ పిక్క పక్కది, పెరీనియల్ మలద్వారం ముందుది, పెరిటోనియల్ పొట్ట లోపలి పొరది. డిస్ఫేజియా మింగలేకపోవడం, డిస్ఫేసియా మెదడు దెబ్బతిని మాటలు కూర్చుకోలేకపోవడం. ఇలాంటి జంటలకు నోట్‌బుక్ చివర వేరే పేజీ పెట్టి, ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాసి, తేడా వచ్చే ఒక్క అక్షరాన్నీ ఎర్ర పెన్నుతో దిద్దాను. ఆ పేజీలో మొత్తం పదకొండు జంటలు తేలాయి. మాక్ టెస్టుల్లో పోగొట్టుకున్న మార్కుల్లో ఎక్కువ భాగం వాటివే.