తేల్చుకోమని అడగని దారి

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. ముందు రోజు తొలేళ్లు. ఈసారి పిన్నితో వెళ్దామనుకున్నాను. "ముందు శ్రీకూర్మం, ఆ తర్వాతే అమ్మోరు" అంది పిన్ని. మాది శ్రీకాకుళం పక్క పల్లె. కూర్మనాథుడికి చెప్పకుండా ఎటు కదిలినా ఆవిడ లెక్కలో అది యాత్ర కాదు.

నా సంచిలో పొందూరు ఖద్దరు చొక్కా ఉంది, చుడీదారు ఉంది, గాజులూ కాటుక డబ్బా కూడా ఉన్నాయి. ఏ రోజు ఏది వేసుకుంటానో ముందు రాత్రి నాకే తెలీదు. కొన్ని వారాలు గడ్డం పెంచుకుని మగవాడిగా తిరగడం హాయిగా ఉంటుంది. ఉన్నట్టుండి ఓ పొద్దున ఆ నడకా ఆ గొంతూ నావి కావనిపిస్తాయి. కాటుక పెట్టుకుంటే తప్ప అద్దంలో నేను కనపడను. ఇంకొన్ని రోజులు రెండూ కాదు. ఇంట్లో వాళ్లు "ఏదో ఒకటి తేల్చుకో" అంటారు, అది ఊహించిందే. విశాఖలో నాకు బాగా దగ్గరైన ట్రాన్స్ అక్కలు కూడా "మాలోకి పూర్తిగా ఎప్పుడొచ్చేస్తావే?" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ అదే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపంలో పాత రంగుల బొమ్మలు, బయట ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. పిన్ని తాబేళ్లకి ఆకుకూర వేస్తూ సముద్ర మథనం కథ ఎత్తుకుంది. మందర పర్వతాన్ని వీపు మీద మోసినవాడే అమృతం పంచే వేళకి మోహిని అయ్యాడు. కథ ఒకటే, దేవుడూ ఒకడే. దేవుళ్లే మారారు కాబట్టి నన్నూ ఒప్పుకోండి అనే వాదన నాకు నచ్చదు. బస్టాండులో ఎవడో ఈల వేస్తే వాడికి భాగవతం వినిపించే ఓపిక నాకు లేదు. కానీ పంపకం అయ్యాక ఆయన్ని "వీటిలో నీ అసలు రూపం ఏది?" అని ఏ దేవతా నిలదీయలేదు. నాకు కావలసింది ఆ ముక్కే.

ఆమదాలవలసలో రైలెక్కాం. ఆ రోజు చుడీదారు, గాజులు, పైన మూడు రోజుల గడ్డం. ఎదుటి సీటు కుర్రాడు చాలాసేపు చూసి "అన్నా అనాలా, అక్కా అనాలా?" అన్నాడు. పిన్ని జంతికల పొట్లం వాడి ముందు పెట్టి, "ఏదో ఒకటను గాని ముందిది తిను బాబూ, చీపురుపల్లి దాటితే జనం ఎక్కేస్తారు" అంది. వాడు తిన్నాడు. దిగేటప్పుడు "వస్తానక్కా" అన్నాడు. మర్నాడు చొక్కాలో కనపడి ఉంటే ఏమనేవాడో.

మంగళవారం మధ్యాహ్నానికి విజయనగరం మూడులాంతర్ల సెంటర్ దగ్గర కాలు పెట్టే చోటు లేదు. ఆడవాళ్లు అటు, మగవాళ్లు ఇటు అని తాళ్లు కట్టారు. ఆ తాళ్ల దగ్గర నాకు గొంతు ఆరిపోయింది. కానిస్టేబులు నన్ను కింద నుంచి పైకి చూశాడు. "నా గుంట, నాతోటే వస్తాది" అని పిన్ని చెయ్యి పట్టి లాక్కుపోయింది. సుప్రీంకోర్టు 2014లోనే ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చంది. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం నిర్వచనంలో జెండర్‌క్వియర్, అంటే ఆడా మగా అన్న గీతల్లో ఇమడనివాళ్లు, అన్న మాటా చేర్చింది. తాడు దగ్గర మాత్రం పిన్ని చెయ్యే పనికొచ్చింది.

సిరిమాను కంటే ముందు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, అంజలి రథం కదులుతాయి. అంజలి రథం మీద చీరలు కట్టిన మగవాళ్లు జనం మీదికి అక్షింతలు చల్లుతున్నారు. ఒక్కరూ వెకిలిగా నవ్వలేదు. అమ్మలు పిల్లల్ని ఎత్తి చూపిస్తున్నారు. నా జుట్టులో కూడా అక్షింతలు పడ్డాయి. వాళ్లది మొక్కు, సేవ. నాది అది కాదని తెలుసు. చీర కట్టినందుకు నాకు వాళ్ల మీద అసూయ కలగలేదు. రాత్రికి చీర విప్పి లుంగీ కట్టుకుని ఇంటికెళ్లినా "మరి పొద్దున అబద్ధమా?" అని ఎవరూ అడగరే, అక్కడ కలిగింది.

తర్వాత సిరిమాను వచ్చింది. అమ్మవారు పూజారి కలలో చెప్పిన చింత చెట్టు మాను అది. చివరన పూజారి కూర్చుని కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. జనం అరటిపళ్లు విసురుతారు. నా పక్కన ముసలమ్మ ఆయన్నే చూస్తూ "తల్లీ, నా మనవరాలికి పెళ్లి చెయ్యవే" అని ఏడుస్తోంది. నేను విసిరిన పండు ఎవరి నెత్తిన పడిందో తెలీదు.

తిరుగు రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కాళ్లు చాపుకుని పిన్ని "వచ్చే ఏడు తొలేళ్లకి మన ఘటం నువ్వెత్తాలి. నా మోకాళ్లు పని సెయ్యట్లేదు" అంది.

"చీరలోనా, చొక్కాలోనా?"

"ఆ పొద్దు నీకేటి తోస్తే అది. ఊరోళ్లతో నాను సెప్పుకుంతాను. వారం ముందు నుంచీ నీసు ముట్టకూడదు, అది సూసుకో."

చేపల పులుసు లేకుండా వారం. ఆలోచిస్తున్నాను.