తేదీ ఏది?

మన బడి బ్యాచ్ మళ్ళీ కలిసే రోజుకి వేస్తున్న సంచిక కోసం కమిటీ వాళ్ళు రెండు పేజీలు అడిగారు. ఆరో తరగతి నుంచి వరసగా రాయమన్నారు. రేకుల షెడ్డు, పాము వచ్చిన రోజు, హిందీ పేపరు సంగతి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. పదో తరగతి బి సెక్షన్‌లో సోషల్ మాస్టారు పెట్టించిన నమూనా శాసనసభ మాత్రం ఈ సంచికలో లేకుండా పోకూడదు. అందుకని దాని మీదే రాస్తున్నాను. ఈనాటికీ ఎవరైనా నాయకుడు కండువా మార్చాడని వార్త వస్తే మన గ్రూపులో ముందుగా పడే మెసేజ్ "తేదీ ఏది?" అన్నదే కదా.

50 మంది సభ. కిటికీ పార్టీకి 27, తలుపు పార్టీకి 23. ప్రభుత్వం మూడు వారాలు నడిచింది. నాలుగో శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో కిటికీ వైపు నుంచి ఎనిమిది మంది లేచి, పుస్తకాల సంచులు తీసుకుని తలుపు వైపు వెళ్ళి కూర్చున్నారు. ఆటల గది తాళంచెవి ఇస్తామని వాళ్ళలో ప్రతి ఒక్కరికీ విడివిడిగా మాట ఇచ్చారని సోమవారం గానీ తెలియలేదు. మాస్టారు ఎవరినీ తిట్టలేదు. బోర్డు మీద 27 రాసి, కింద గీత గీసి, 9 అని రాశారు. అప్పటి చట్టం లెక్కలో తొమ్మిది మంది వెళ్తే మూడో వంతు, అది చీలిక, సభ్యత్వాలు పోవు. ఎనిమిది మందైతే ఫిరాయింపు, పోతాయి. బెల్లుకి రెండు నిమిషాల ముందు మూడో బెంచీ చివరివాడు కూడా లేచాడు. తలుపు వైపు చప్పట్లు. కిటికీ వైపు ఎన్నికల ప్రణాళిక రాసిన అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

సోమవారం మిగిలిన 18 మంది సంతకాలతో స్పీకర్‌కి ఫిర్యాదు రాశారు. పేజీన్నర. నమ్మించి గొంతు కోశారని, ఏరు దాటాక తెప్ప తగలేశారని, అన్నీ అందులో ఉన్నాయి. మాస్టారు చదివి వెనక్కిచ్చారు. "బాధంతా బాగా రాశారర్రా. తేదీ ఏది? ఎన్ని గంటలకి లేచారు? మొదట ఎంతమంది?" అన్నారు. అప్పుడు హాజరుపట్టీ రాసే అమ్మాయి తన నోటు పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నది చూపించింది: ఎనిమిది మంది 3:52కి, తొమ్మిదోవాడు 3:58కి. 3:52కి వాళ్ళు మూడో వంతు కారు, కాబట్టి ఆ క్షణానికే ఎనిమిది మంది అనర్హులు, ఆ తర్వాత ఎవరు వచ్చి చేరినా లెక్కలోకి రాదు అన్నది 18 మంది వాదన. పదిహేనేళ్ళ పిల్లల వాదన.

ఈ వాదన మీదే సుప్రీంకోర్టు 2007 ఫిబ్రవరి 14న తీర్పు చెప్పింది. రాజేంద్ర సింగ్ రాణా కేసు. ఉత్తరప్రదేశ్ శాసనసభలో బహుజన్ సమాజ్ పార్టీ సభ్యులు 109 మంది. 2003 ఆగస్టు 27న వారిలో 13 మంది గవర్నర్ దగ్గరికి వెళ్ళి అవతలి పక్షం నాయకుణ్ణి ప్రభుత్వం ఏర్పాటుకు పిలవమని లేఖ ఇచ్చారు. సెప్టెంబరు 6న 37 మంది కలిసి చీలిపోయామన్నారు. 109లో మూడో వంతుకు కావలసింది సరిగ్గా 37. స్పీకర్ దాన్ని చీలికగా ఒప్పుకున్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అనర్హత తగిలేది తప్పు జరిగిన రోజునే గాని స్పీకర్ తేల్చిన రోజున కాదు, ఆగస్టు 27న వాళ్ళు 13 మందే అని చెప్పి ఆ పదముగ్గురినీ అనర్హుల్ని చేసింది. కాకపోతే అప్పటికి సభ గడువు దాదాపు అయిపోయింది. వాళ్ళలో కొందరు అన్నాళ్ళూ మంత్రులుగానే ఉన్నారు.

మాస్టారు ఈ తీర్పు చూశారో లేదో. హాజరుపట్టీ అమ్మాయి మార్జిన్‌లో వేసిన ఆ రెండు అంకెలకి విలువ ఎంతో మాత్రం ఆయనకి ముందే తెలుసు.

ఆయన పాఠం 1967తో మొదలయ్యేది. హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ఆయారాం గయారాం అన్న మాట అక్కడ పుట్టింది. మొదటి సాధారణ ఎన్నికల నుంచి నాలుగో ఎన్నికల దాకా దేశమంతా కలిపి దాదాపు 542 ఫిరాయింపులు జరిగితే, 1967 మార్చి నుంచి 1968 ఫిబ్రవరి దాకా పన్నెండు నెలల్లోనే 438 జరిగాయి. ఏడు రాష్ట్రాల్లో గోడ దూకిన 210 మందిలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయి. అప్పటి కేంద్ర హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన వేసిన కమిటీ ముందున్న అంకెలివి. 210 కింద 116 రాసి మాస్టారు సుద్దముక్క కింద పెట్టేవారు. ఆటల గది తాళంచెవి అంటే ఏమిటో ఆ రెండు అంకెలు చూస్తే తెలిసేది.

తరవాత మన 1984. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చిన రామారావు గారి ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ ఆగస్టు 16న బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. శాసనసభ్యుల్ని కాపాడుకోవడానికి కర్ణాటకలో క్యాంపు పెట్టాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి. జనం రోడ్ల మీదికి వచ్చారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ తర్వాత అయిదు నెలలకే 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఫిరాయింపులను ఆపడానికి అది రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు 1985 మార్చి 1 నుంచి అమలైంది.

మనం చదువుకునేటప్పటికి చీలికని ఒప్పుకునే మూడో పేరా ఇంకా బతికే ఉంది. 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలింది నాలుగో పేరా, విలీనం. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అంటే మన కిటికీ పార్టీ లెక్కలో 9 కాదు, 18. ఒక్కొక్కరుగా వెళ్తే శిక్ష, గుంపుగా వెళ్తే రక్ష. ఈ పేరా నాకు మొదటి నుంచీ నచ్చదు. తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్ సభ్యులు 18 మంది ఉంటే 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఓటు వేసినవాళ్ళకి మాత్రం పన్నెండు మంది కలిసి వెళ్ళారని బాధ తగ్గదు. పదో షెడ్యూలు మొత్తం చదివి చూడండి, ఓటరు అన్నవాడు ఎక్కడా కనపడడు. మోసపోయింది పార్టీ అన్నట్టే ఉంటుంది ప్రతి వాక్యమూ. ప్రణాళిక దాచుకున్న అమ్మాయి ఆ రోజు బోర్డు దగ్గరికి వెళ్ళి "నష్టపోయింది ఎవరు?" అన్న ప్రశ్న కింద "మేము" అని రాసింది. మాస్టారు పక్కనే "చట్టం ప్రకారం: పార్టీ" అని రాసి, రెండూ చెరపకుండా వదిలేశారు.

అసలు చిక్కు ఆరో పేరాలో ఉంది. తేల్చేది స్పీకర్. గడువు రాయలేదు. స్పీకర్‌గా ఎన్నికైనవారు తన పార్టీకి రాజీనామా చేసినా అనర్హత రాదని అయిదో పేరా వెసులుబాటు ఇచ్చింది గానీ ఆ దారి పట్టినవాళ్ళు అరుదు. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఈ చట్టాన్ని నిలబెట్టారు. స్పీకర్ ఇక్కడ ట్రిబ్యునల్ లాంటివారు, ఆయన నిర్ణయాన్ని కోర్టు పరిశీలించవచ్చు, అయితే నిర్ణయం వచ్చాకే అన్నారు. మంచి ఉద్దేశంతో అన్న ఆ మాటే తాత్సారానికి గొడుగైంది. నిర్ణయమే రాకపోతే కోర్టు దేన్ని పరిశీలిస్తుంది? 2014లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ సభలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్ళారు, 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులయ్యారు, ఎవరి మీదా అనర్హత పడకుండానే 2019లో సభ కాలం తీరింది. మన స్పీకర్ కూడా 18 మంది ఫిర్యాదును సంచిలో పెట్టుకున్నాడు. ప్రీఫైనల్ వచ్చింది, పబ్లిక్ పరీక్షలు వచ్చాయి, అందరం వెళ్ళిపోయాం. వాడు చెడ్డవాడు కాదు, అటూ ఇటూ స్నేహితులే. అదే కదా చిక్కు.

మణిపూర్ దగ్గర కొంచెం మార్పు వచ్చింది. 2017లో 60 స్థానాల్లో కాంగ్రెస్ 28 గెలిచింది. వారిలో ఒకరు ఫలితాలొచ్చిన కొద్దిరోజులకే బీజేపీ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. పిటిషన్లు మూడేళ్ళు కదల్లేదు. 2020 జనవరి 21న సుప్రీంకోర్టు, అసాధారణ పరిస్థితి లేకపోతే పిటిషన్ వేసిన రోజు నుంచి మూడు నెలల్లో స్పీకర్ తేల్చాలని చెప్పింది. అప్పటికీ తేలకపోతే మార్చి 18న, పూర్తి న్యాయం కోసం తనకున్న ప్రత్యేక అధికారంతో, అంటే 142వ అధికరణం కింద, ఆ మంత్రిని పదవి నుంచి తప్పించి, సభలోకి అడుగు పెట్టొద్దంది. తెలంగాణలో బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి వెళ్ళారన్న పది మంది విషయంలో 2025 జూలై 31న మళ్ళీ అదే మూడు నెలలు చెప్పింది, ఈ పని స్పీకర్ చేతుల్లో ఉంచాలో వద్దో పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది.

బి సెక్షన్ నుంచి ఇద్దరు సర్పంచులు, ముగ్గురు వకీళ్ళు, ఒక విలేఖరి వచ్చారు. ఇలాంటి పిటిషన్ల ముసాయిదాలు రాయడమే నాకు అన్నం పెట్టే పని అయింది. కాబట్టి మాస్టారి ప్రశ్నకి పూర్తి జవాబు ఇక్కడ రాసిపెడతాను, మీ పిల్లలకైనా పనికొస్తుంది. నియమాల్లో సభ్యుడే పిటిషన్ వేయాలని ఉన్నా, ఒడిశా కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆసక్తి ఉన్న ఎవరైనా స్పీకర్ దృష్టికి తేవచ్చని చెప్పింది. అంటే ఓటరూ వేయవచ్చు. ఒక్కో సభ్యుడి మీద ఒక్కో పిటిషన్ వేయండి, పది మందిని ఒకదాంట్లో కుక్కితే ఒకరి సాక్ష్యంలో లోపం అందరికీ చుట్టుకుంటుంది. ఏ పార్టీ బి-ఫారం మీద నిలబడ్డారు, ఎన్నికైనట్టు ప్రకటన ఎప్పుడు వచ్చింది అన్నవి మొదటి పేరాలోనే రావాలి. తరవాత సంఘటన: ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, కండువా ఎవరి చేతులతో కప్పారు, వేదిక మీద ఏమన్నారు. రాజీనామా కాగితం లేదని బెంగ అక్కర్లేదు. సభ్యత్వాన్ని తనంత తానుగా వదులుకోవడం అంటే రాజీనామా ఒక్కటే కాదని, నడతను బట్టి కూడా తేల్చవచ్చని 1994లో రవి నాయక్ కేసులో చెప్పారు.

ఎక్కువ పిటిషన్లు నీరుగారేది సాక్ష్యం దగ్గరే. పేపరు కటింగు ఒక్కటే పెడితే అది విన్న మాట కిందకి పోతుంది, రాసిన విలేఖరి ప్రమాణపత్రం ఉండాలి. వీడియో అయితే తీసిన మనిషి, తీసిన పరికరం తెలియాలి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలైకి ముందు, పాత సాక్ష్య చట్టంలో, దీన్నే 65బి అనేవాళ్ళం. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ముక్క పనికిరాదు. పిటిషన్ మీద, ప్రతి అనుబంధం మీద సివిల్ దావాలో చేసినట్టే సంతకం, ధ్రువీకరణ ఉండాలి, అది లేకపోతే తిప్పి పంపడానికి చేజేతులా సాకు ఇచ్చినట్టే. విప్ ధిక్కారమైతే, అంటే సభలో ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని మీరితే, ఆ విప్ సభ్యుడికి అందిందని రుజువు కావాలి, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించలేదని కూడా రాయాలి. చివరగా, సచివాలయంలో ఇచ్చిన ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలి. మూడు నెలలు లెక్కపెట్టేది ఆ ముద్ర నుంచే. ఆ ముద్ర లేని కాగితం పట్టుకుని ఏ కోర్టుకి వెళ్ళినా మొదట ఎదురయ్యేది మాస్టారి ప్రశ్నే.

ఇంత చేసినా రాజీనామా దారి ఒకటి ఉంది. కర్ణాటకలో 2019లో సభ్యుల రాజీనామాలతో ప్రభుత్వం పడిపోయింది. స్పీకర్ 17 మంది మీద వేసిన అనర్హతను సుప్రీంకోర్టు నిలబెట్టింది గానీ, సభ గడువు తీరేదాకా పోటీ చేయకూడదన్న ఆయన ఆంక్షను నవంబరు 13న కొట్టేసింది. డిసెంబరులో 15 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే 12 బీజేపీ గెలిచింది. మోసపోయామన్న ఓటర్లే మళ్ళీ వేశారా, వేరేవాళ్ళు వేశారా అన్నది ఏ చట్టమూ చెప్పలేదు. ఎవరైనా రాజకీయాల మీద విరక్తి కలిగిందని అంటే మాస్టారు తల పంకించేవారు, కాదనేవారు కాదు. మర్నాడు మళ్ళీ పేపరు కటింగులతో వచ్చేవారు.

కలిసే రోజు ఎలాగూ దగ్గర పడింది. 18 సంతకాల ఫిర్యాదు, మార్జిన్‌లో 3:52, 3:58 ఉన్న నోటు పుస్తకం పేజీతో సహా, స్పీకర్ గారింట్లో ట్రంకుపెట్టెలో భద్రంగా ఉందని వాళ్ళావిడ కమిటీకి చెప్పారట. స్పీకర్ గారూ, అది తీసుకురండి. తలుపు వైపు వెళ్ళిన తొమ్మిది మందీ తప్పకుండా రావాలి, మూడో బెంచీ చివరివాడితో సహా. ప్రణాళిక నాలుగు మడతల్లో ఇంకా జామెట్రీ బాక్సులోనే ఉందా అని ఆ అమ్మాయిని అడగాలి.